గుడ్లగూబకు ఓరచూపు ఉండదు

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన జంతువుల కామిక్ పేజీలన్నీ ఫోన్‌లోనే చూశాను, చదివేవాళ్లు కూడా అందులోనే చూస్తారు కాబట్టి. గీత బావుంది, రంగులు ఇంకా బావున్నాయి. కానీ గుడ్లగూబ మంత్రికి మనిషి పెదాలు, మనిషి కనుబొమలు పెట్టేశావు. మాస్కు తగిలించుకున్న నాటకాల మేష్టారిలా ఉన్నాడు. మనుషులే లేని కథలో జంతువు ఒళ్లే నటించాలి.

గుడ్లగూబ కన్ను గుంతలో కదలదు. పక్కకు చూడాలంటే తల మొత్తం తిప్పాలి. 270 డిగ్రీల దాకా తిప్పగలదు కూడా. అంటే నీ మంత్రి సభలో ఎవర్ని అనుమానించినా అందరికీ తెలిసిపోతుంది. కుట్రలు పన్నేవాడికి ఇంతకన్నా ఇరకాటం ఏముంటుంది! వాడుకో. గుర్రానికి కోపమొస్తే చెవులు వెనక్కి వాలుస్తుంది. పిల్లి బెదిరితే తోక బొచ్చంతా లేస్తుంది. పక్షుల సంగతికొస్తే, మీ బాల్కనీలో పావురాలకు కొదవ లేదు కదా. మగపావురం మెడ ఉబ్బించి ఆడదాని చుట్టూ తిరిగేటప్పుడు వీడియో తీసి, ఆపి ఆపి గియ్యి.

రెండు తలల పక్షి గండభేరుండాన్ని పెట్టడం నాకు నచ్చింది. అయితే ఏ తల మాట్లాడుతోందో చాలాచోట్ల తెలియలేదు. మాటలు రాసే బెలూన్ తోక సరిగ్గా ఒక ముక్కు వైపే ఉండాలి. ఒకదాని మెడకు తెల్ల ఈకలు పెట్టెయ్. రెండు నోళ్లు, ఒకటే పొట్ట: విషం ఎందులో పోసినా ఇద్దరూ పోతారు. పంచతంత్రం నాటి నుంచీ ఉన్న చిక్కే, ఇంకా అరిగిపోలేదు.

కొత్త జీవి కావాలంటే డ్రాగన్ల వెంట పడక్కర్లేదు. ఒడియా కవి సారళాదాసు మహాభారతంలో నవగుంజరం ఉంది. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, మూడు కాళ్లు మూడు జంతువులవి, నాలుగోది మనిషి చెయ్యి. ఆ చెయ్యి చూసే అర్జునుడు విల్లు దించాడు. అలాంటిదాన్ని వందల ప్యానెళ్లలో, అంటే బొమ్మల గడుల్లో, గియ్యగలవా అన్నది ముందే ఆలోచించుకో. ముందు, పక్క, వెనక ఎలా ఉంటుందో ఒక షీటు వేసుకో. ఏ పాత్ర బొమ్మలోనైనా మొత్తం నలుపు నింపేసినా, ఆకారం చూసి ఎవరెవరో తెలియాలి. అన్నట్టు, మొదటి ఎపిసోడ్‌కే అంతమంది ఎందుకు? ముగ్గురు చాలు.

ఫోన్‌లో కామిక్స్ చదివే వెబ్‌టూన్ యాప్‌లో పెట్టాలంటే 800 పిక్సెళ్ల వెడల్పు, ఒక్కో ముక్క 1280 ఎత్తు. గియ్యడం మాత్రం దానికి మూడింతల సైజులో గియ్యి. 800 పిక్సెళ్లను 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, అచ్చేస్తే మూడు అంగుళాలు కూడా రాదు, రేపు పుస్తకం వెయ్యాలన్నప్పుడు ఏడుస్తావు.

అక్షరాల దగ్గర తొందర పడకు. పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. రామభద్ర, మండలి ఫాంట్లు ఉచితమే. ముందు ‘జ్యోత్స్న’, ‘రాష్ట్రం’ అని కొట్టి చూడు, వత్తులు ఊడిపోతే ఆ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాల పని పెట్టుకోకు. ‘వెళ్లలేకపోతున్నానంటున్నాడు’ లాంటి మాట సన్న బెలూన్‌లో పట్టదు. దాన్ని విరగ్గొట్టకు, డైలాగే మార్చు.

పది ఎపిసోడ్లు పూర్తిగా చేతిలో ఉన్నాకే మొదటిది వదులు. మధ్యలో పరీక్షలొచ్చినా టెన్షన్ ఉండదు. తాబేలు సేనాపతి జోలికి మాత్రం పోకు, వాడు బ్రహ్మాండంగా కుదిరాడు.

మీ పెదనాన్న