చెల్లింపు ఆగిందా? ‘కుదరదు’ అన్నదెవరో ముందు చూడండి

ఆన్‌లైన్ చెల్లింపుల మీద ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిట్లో ఒకటే మంట: ‘సరుకు నాది, డబ్బు కొనేవాడిది, మధ్యలో ఆపడానికి వీళ్లెవరు?’ ఆపేది ఒక్కరు కాదు. కొన్నిటిని చట్టం ఆపుతుంది, కొన్నిటిని రిజర్వ్ బ్యాంకు నిబంధన, కొన్నిటిని కార్డు నెట్‌వర్కు. ఇవేవీ అడ్డు చెప్పని చోట గేట్‌వే కంపెనీ (కొనేవాళ్ల డబ్బు ఆన్‌లైన్‌లో తీసుకుని మీకు చేర్చేది) తన సొంత జాబితా చూసుకుని ఆపుతుంది. మీకొచ్చే మెయిల్‌లో మాత్రం అన్నిటికీ ఒకటే వాక్యం ఉంటుంది: ‘మీ వ్యాపారం మా విధానాలకు అనుగుణంగా లేదు.’

ప్రశ్న: మేం ఇంట్లోనే తలనూనె, మెంతి-నేరేడు గింజల పొడి తయారుచేస్తాం. వెబ్‌సైట్ పెట్టి పేమెంట్ గేట్‌వేకి దరఖాస్తు చేస్తే ‘నిషేధిత వర్గం’ అని రెండుసార్లు తిప్పికొట్టారు. నూనె, పొడి అమ్మడం కూడా నిషేధమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తంటా తెచ్చింది పొడి కాదు, పొడి డబ్బా ఫొటో కింద మీరు రాసిన వాక్యం. ‘21 రోజుల్లో షుగర్ అదుపులోకి’ అని ఉంది మీరు పంపిన పేజీలో. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్‌లో 54 జబ్బుల పేర్లున్నాయి. వాటిని తగ్గిస్తాం, రాకుండా ఆపుతాం అని మందును ప్రకటించుకోవడమే నేరం. మధుమేహం ఆ జాబితాలో ఉంది. వ్యాపారి పూర్వాపరాలు చూసుకోవాలి, నకిలీ సరుకు గానీ నిషేధిత సరుకు గానీ అమ్మడం లేదని తేల్చుకోవాలి అని 2020 మార్చిలోనే రిజర్వ్ బ్యాంకు పేమెంట్ అగ్రిగేటర్లకు, అంటే వ్యాపారుల తరఫున డబ్బు వసూలు చేసే ఈ కంపెనీలకు, చెప్పింది. కాబట్టి మీ దరఖాస్తు తెరిచినవాళ్లు మీ సైట్ చదువుతారు. అందులో లింకు ఉంటే ఇన్‌స్టాగ్రామ్ పేజీ కూడా చూస్తారు.

ఆ వాక్యం ఒక్కటీ తీసేస్తే చాలదు. డబ్బా ఫొటోలో లేబుల్ మీద అదే మాట అచ్చయి ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చరు. ‘మా నాన్నగారికి షుగర్ 300 నుంచి 140కి దిగింది’ లాంటి కస్టమర్ మాటల్ని మీరు పేజీలో పెట్టుకున్నా అది మీ ప్రచారం కిందికే వస్తుంది. పాత పోస్టులు, రీల్స్ కూడా వెతికి తీసేయండి.

తర్వాత, అది ఆహారమా మందా అన్నది తేల్చుకోండి. ఆహారమైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కావాలి. అది 14 అంకెలు ఉంటుంది, లేబుల్ మీదా సైట్ మీదా ఒకేలా కనిపించాలి. ఆయుర్వేద మందైతే తయారీకి ఫారం 25-డి లైసెన్సు ఉండాలి. వంటింట్లో చేసిన పొడికి అది రాదు. తలనూనె సౌందర్య సాధనం కిందికి వస్తుంది, దానికీ కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం తయారీ లైసెన్సు అవసరం. చిన్నగా మొదలుపెట్టేవాళ్లకు మా సలహా ఒకటే: లైసెన్సున్న యూనిట్‌లో చేయించి, తయారీదారు పేరు, లైసెన్సు నంబరు లేబుల్ మీద వేయించి, మీ బ్రాండుతో అమ్మండి. ఇక ‘బట్టతల మీద జుట్టు మొలుస్తుంది’ అన్నారో, నూనె కాస్తా మందైపోతుంది.

మీ దరఖాస్తులో ఇంకో లోపం కూడా ఉంది. సైట్ మీద వ్యాపారం పేరు, పాన్ మీద మీ పేరు, బ్యాంకు ఖాతా మీ వారి పేరు. మూడూ ఒక్క మనిషివి కావాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. అది మీ పాన్‌తో చేసుకుని, ఆ కాగితంతో వ్యాపారం పేరు మీద కరెంట్ ఖాతా తెరవండి.

సైట్ అడుగున షరతులు, రీఫండ్, డెలివరీ, గోప్యత, చిరునామా పేజీలు ఉండాలి. ‘రీఫండ్ ఉంటుంది’ అని ఊరుకోకండి. ఎన్ని రోజుల్లో వాపసు అడగాలో, ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగొస్తుందో రాయండి. ఎక్కడో కాపీ కొట్టిన షరతుల పేజీలో వేరే కంపెనీ పేరు అలాగే మిగిలిపోవడం మామూలుగా దొరికిపోయే తప్పు. ఇవన్నీ అయ్యాక పాత టికెట్‌కే జవాబుగా, ఏమేం మార్చారో రాసి పంపండి. అదే పాన్‌తో కొత్త మెయిల్ నుంచి మూడో దరఖాస్తు పెట్టారంటే అనుమానం పెరగడం తప్ప లాభం లేదు.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్ లైవ్‌లో చీరలు అమ్ముతాను. రోజుకు పది, పదిహేను వేలు వచ్చేది. శ్రావణమాసం మొదటి శుక్రవారం ఒక్కరోజే 3,40,000 వచ్చింది. మర్నాటి నుంచి డబ్బు ఆపేశారు. చీరలేమైనా నిషేధమా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: సరుకుతో పేచీ లేదు, లెక్కతో వచ్చింది. దరఖాస్తులో నెల అమ్మకం ఎంత రాశారో గుర్తు తెచ్చుకోండి. నెలంతా రావలసింది ఒక్క పూటలో వస్తే కార్డుల మోసమేమోనని వాళ్ల యంత్రం ఆపుతుంది. ముందు డబ్బు ఎక్కడ ఆగిందో చూడండి.

గేట్‌వే డ్యాష్‌బోర్డులో ‘సెటిల్‌మెంట్ ఆన్ హోల్డ్’ అని ఉంటే డబ్బు ఇంకా వాళ్ల ఎస్క్రో ఖాతాలోనే ఉంది. ఆ ఖాతా వాణిజ్య బ్యాంకులో విడిగా ఉంటుంది, కంపెనీ సొంత ఖర్చులకు వాడుకోవడానికి లేదు. ఒక్క ఎక్సెల్ షీట్ తయారుచేయండి: ఆర్డరు నంబరు, తేదీ, మొత్తం, కొరియర్ ట్రాకింగ్ నంబరు, అందిందా లేదా. దానితోపాటు చీరలు మీరు కొన్న టోకు బిల్లులు, మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ రోజు లైవ్ లింకు. అన్నీ ఒకే మెయిల్‌లో. ఎనభై ఫొటోలు వాట్సాప్‌లో పంపితే చూసే నాథుడుండడు.

ఈలోగా ‘డబ్బు వచ్చాకే పంపుతా’ అని పార్శిళ్లు ఆపకండి. చీర రాని కస్టమరు బ్యాంకుకు వెళ్లి చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) వేస్తుంది, ఆపినవాళ్ల అనుమానానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. పంపలేని ఆర్డర్లకు డ్యాష్‌బోర్డు నుంచే రీఫండ్ కొట్టండి. కస్టమరు వేరే దారికి ఒప్పుకుంటే తప్ప, డబ్బు ఏ దారిన వచ్చిందో ఆ దారినే తిరిగి వెళ్లాలన్నది నిబంధన. ‘అయితే నా సొంత యూపీఐకి వేయండి’ అని చెప్పడం ఇంకా ప్రమాదం. ముక్కూ మొహం తెలియనివాళ్ల నుంచి వందల జమలు పడే సేవింగ్స్ ఖాతా ఇట్టే కళ్లలో పడుతుంది.

డబ్బు మీ బ్యాంకుకు చేరాక ఇరుక్కుంటే సంగతి వేరు. మీకు చెల్లించినవాళ్లలో ఎవరి డబ్బో సైబర్ మోసం తాలూకుదని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు వెళ్లి ఉండొచ్చు. అప్పుడు గేట్‌వేని అడిగి లాభం లేదు. బ్రాంచిలో మూడు విషయాలు రాసి తీసుకోండి: ఫిర్యాదు ఎకనాలెడ్జ్‌మెంట్ నంబరు, ఏ రాష్ట్రంలోని ఏ స్టేషను, వివాదంలో ఉన్న మొత్తం ఎంత. ఆ దర్యాప్తు అధికారికి బిల్లు, ట్రాకింగ్ వివరాలతో మెయిల్ పెట్టి, లీన్‌ను (ఖాతాలో డబ్బు కదలకుండా పెట్టిన నిలుపుదలను) ఆ మొత్తానికే పరిమితం చేయమని అడగండి. రెండు వేల చీర డబ్బు కోసం ఖాతా మొత్తం మూసేయడం అన్యాయమే, కానీ అడగకపోతే అలాగే ఉండిపోతుంది.

గేట్‌వే జవాబివ్వకపోతే సైట్‌లో పేరున్న నోడల్ అధికారికి రాయండి. 30 రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ ఉంది, సమాచారానికి 14448. మీ కంపెనీ పేరు అక్కడి జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఇంకో మెలిక: కంపెనీ తీసుకున్న వ్యాపార నిర్ణయం మీద, ఆ ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. అందుకని ‘నా ఖాతా ఎందుకు మూశారు’ అని రాయకండి. ఫలానా తేదీన వసూలైన ఇంత మొత్తం ఇంతవరకు ఇవ్వలేదు, కారణం చెప్పలేదు అని రాయండి.

వచ్చే పండగకు మాత్రం లైవ్‌కు వారం ముందే అమ్మకం అంచనా వాళ్లకు మెయిల్ చేయండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటూ హైదరాబాద్ నుంచి తెప్పించిన ‘ఇరానీ చాయ్’ పొడి, బిర్యానీ మసాలా అమ్ముతున్నాను. కొనేవాళ్లు చెల్లింపు నోట్‌లో ‘ఇరానీ చాయ్ 2’ అని రాస్తే డబ్బు ‘సమీక్షలో’ ఆగింది. చాయ్‌కి కూడా ఆంక్షలా?
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఇరాన్ నుంచి వలసవచ్చినవాళ్ల హోటళ్ల వల్ల ఆ చాయ్‌కి ఆ పేరొచ్చిందని కోఠీలో ఎవరినడిగినా చెబుతారు. కంప్యూటర్‌కి కోఠీ తెలియదు. అమెరికాలో చెల్లింపు సంస్థలు ఇరాన్ లాంటి దేశాల మీద ట్రెజరీ శాఖ పెట్టిన ఆంక్షలకు లోబడి పనిచేయాలి, అందుకే నోట్‌లోని మాటల్ని కూడా జల్లెడ పడతాయి.

వాళ్లడిగిన దానికి సూటిగా జవాబివ్వండి: పొడి ప్యాకయింది హైదరాబాద్‌లో, ‘ఇరానీ’ అనేది చాయ్ కాచే పద్ధతి పేరు, ఇరాన్ నుంచి వచ్చిన సరుకేదీ ఇందులో లేదు. తయారీదారు బిల్లు, దినుసుల జాబితా ఉన్న లేబుల్ ఫొటో జతచేయండి. సమీక్ష ముగిసేదాకా పేరు మార్చకండి, దాచినట్టు కనిపిస్తుంది. తర్వాత కావాలంటే ‘హైదరాబాదీ చాయ్’ అనుకోండి, నోట్‌లో ఆర్డరు నంబరు ఒక్కటే రాయమనండి.

అసలు చిక్కు మీ బిర్యానీ మసాలాలో ఉండొచ్చు. అందులో కుంకుమపువ్వు ఎక్కడిది? ఇరాన్ ఆహార పదార్థాలకు అమెరికా ఇచ్చిన మినహాయింపు 2018 ఆగస్టులో ఎత్తేశారు. దుబాయ్‌లో కొన్నా ఇరాన్‌లో పండింది ఇరాన్‌దే. అలాంటిదైతే ఆ మసాలా అమ్మకం ఈ రోజే ఆపండి. కశ్మీర్‌దైతే దానికీ బిల్లు దగ్గరుంచుకోండి.

ప్రశ్న: ఇంటద్దె ఇన్నాళ్లూ యాప్‌లో క్రెడిట్ కార్డుతో కట్టేవాణ్ని. ఇప్పుడా సదుపాయమే తీసేశారు. నా కార్డు, నా అద్దె కదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఇంటి యజమాని ఆ యాప్‌కు వ్యాపారి కాదు, అదీ అడ్డు. 2025 సెప్టెంబరు 15న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తమతో ఒప్పందం ఉన్న వ్యాపారుల కోసమే పేమెంట్ అగ్రిగేటర్ డబ్బు వసూలు చేయాలి. యజమాని తరఫున ఒప్పందమూ లేదు, కేవైసీ కూడా లేదు. పైగా అద్దె పేరుతో బావమరిది ఖాతాకు పంపించి కార్డు నుంచి నగదు లాగినవాళ్లకూ కొదవ లేదు.

యూపీఐలో రూపే క్రెడిట్ కార్డుతో ప్రయత్నించినా వ్యాపారి క్యూఆర్‌కే వెళుతుంది, వ్యక్తిగత క్యూఆర్‌కు వెళ్లదు. వీధి చివర కొట్టులో కార్డు పనిచేయకపోవడానికీ కారణం తరచూ ఇదే, కొట్టాయన అంటించింది తన సొంత క్యూఆర్. అద్దె మాత్రం బ్యాంకు ఖాతా నుంచే కట్టండి.

ప్రశ్న: హుక్కా ఫ్లేవర్లు అమ్ముతానంటే గేట్‌వే ఇవ్వలేదు. మిత్రుడికి కిరాణా సైట్ ఉంది, నూటికి మూడు రూపాయలిస్తే తన లింకు వాడుకోమంటున్నాడు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. ప్రతి వ్యాపారికీ నాలుగంకెల వర్గం కోడ్ ఉంటుంది, కిరాణాకు 5411. ఆ కోడ్ కింద హుక్కా డబ్బు నడిపితే కార్డు నెట్‌వర్కుల భాషలో అది లావాదేవీల లాండరింగ్. పట్టుబడితే మీ మిత్రుడి పేరు మాస్టర్‌కార్డ్ వారి ‘మ్యాచ్’ జాబితాకు ఎక్కుతుంది, అయిదేళ్లపాటు అక్కడే ఉంటుంది. ఆ జాబితాలో ఉన్నవాడికి మరో బ్యాంకు కార్డు సదుపాయం ఇవ్వడం చాలా కష్టం. ఆ అమ్మకాలు ఆయన జీఎస్టీ లెక్కల్లో పడటం వేరే తలనొప్పి. మీ ఫ్లేవర్ల వెంట ఈ-సిగరెట్లు కూడా ఉంటే గేట్‌వే మాటే అనవసరం, 2019 చట్టం కింద వాటి అమ్మకానికి మొదటిసారి దొరికితేనే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ప్రశ్న: దీపావళికి బాణసంచా బుకింగ్ సైట్ పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పెట్టకూడదు. ఈ-కామర్స్ సైట్లు టపాసుల ఆర్డర్లు తీసుకోకూడదని 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఏ గేట్‌వే కూడా ముట్టుకోదు. లైసెన్సున్న దుకాణం కౌంటర్ దగ్గర వ్యాపార క్యూఆర్ పెట్టుకుని అమ్ముకోండి.