కడుపు నిండినా బజ్జీ మీదికి మనసు పోతోందంటే అది నిగ్రహం లేక కాదు

శుభ్రంగా భోంచేసి బయటికొచ్చాక కూడా బజ్జీల బండి దగ్గర కాలు ఆగిపోతోంది, నాకు నిగ్రహం లేదా అని అడిగారు.

నిగ్రహం సంగతి కాదండీ ఇది. "నోరు కట్టుకోలేవా" అని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. కట్టేసిన నోరు ఎలా ఉంటుందో మా ఇంట్లో చూశాను.

మాది గుంటూరు బ్రాడీపేట. నాన్న మిర్చి యార్డులో గుమస్తా. సాయంత్రం బజ్జీల పొట్లం లేకుండా గడప తొక్కేవారు కాదు. 2008లో ఒళ్ళు బాగా వచ్చిందని ఒక డాక్టరు రిమోనబంట్ బిళ్ళ రాశారు. నెల తిరిగేసరికి లుంగీ వదులైంది. అందరం సంబరపడ్డాం.

ఒక ఆదివారం అమ్మ గోంగూర పచ్చడి వేసి, వెన్నపూస పెట్టి, పక్కన ఉల్లిపాయ తరిగింది. నాన్న కలిపారు. ముద్ద చేసి చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. "ఏమండీ, ఉప్పెక్కువైందా?" అంది అమ్మ. "బాగానే ఉంది. తినాలని లేదు" అన్నారు. అప్పటికిగానీ మాకు మిగతావి కళ్ళబడలేదు. క్రికెట్ చూడటం మానేశారు. మనవడు ఒళ్ళోకెక్కినా చెయ్యి వెయ్యట్లేదు. తెల్లవారుజామున మూడింటికి లేచి వరండాలో ఒక్కరే కూర్చుంటున్నారు.

ఆ బిళ్ళ మెదడులో సిబి1 అనే గ్రాహకాలను, అంటే కణాల మీద కబురందుకునే చోట్లని, పని చెయ్యనివ్వదు. గంజాయి తాగినవాళ్ళకి ఆకలి ముంచుకొచ్చేది ఈ గ్రాహకాల వల్లే. వీటిని కదిలించే పదార్థం మన ఒంట్లోనూ పుడుతుంది. 1992లో దాన్ని కనిపెట్టినవాళ్ళు మన 'ఆనందం' మాటే తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఆకలిని చూసుకునే హైపోథాలమస్‌లోనే కాదు, "అది కావాలి, లేచి వెళ్ళు" అని డోపమైన్ అనే మెదడు రసాయనం పురమాయించే దారిలోనూ ఈ గ్రాహకాలున్నాయి. మీ కాలు ఆగేది అక్కడ. ఎలుకల్లో చూస్తే కొవ్వు రుచి నాలుకకి తగిలినంతలోనే పేగుల్లో ఇలాంటి పదార్థాలు పెరిగాయి, చక్కెరకి పెరగలేదు. నూనెలో వేగిన బజ్జీ ఒకటి కొరికి ఆపెయ్యమంటే ఎవరాపగలరు?

తిండి మీద ఆశకీ మనవడి మీద ఆశకీ మెదడులో వేరే వేరే గదులు లేవని నా గట్టి నమ్మకం. యూరప్‌లో 2006లో అనుమతిచ్చిన ఆ మందునే దిగులు, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయని 2008లో ఆపేశారు. అమెరికా అసలు ఒప్పుకోలేదు. మన దేశంలో 2009లో నిషేధించారు. ఇప్పటికీ బరువు తగ్గే బిళ్ళ కావాలంటే చీటీ అడక్కుండా ఇచ్చే మందుల షాపులున్నాయి. పెళ్ళిచూపులున్నాయని ఆడపిల్లల చేత అవి మింగించే తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్ళని చూస్తే కడుపు రగిలిపోతుంది.

నాన్నని ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి బిళ్ళ మానిపించాం. మూడు వారాలకి ఒక సాయంత్రం పొట్లంతో వచ్చారు. ఒకటి కొరికి "వీడు వాము తగ్గించేశాడే" అని అమ్మ మీద విసుక్కున్నారు. ఆ రాత్రి మూడింటికి లేచి వరండాలోకి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. లోపల ఆయన గురక వినపడుతోంది.