కాయ కొనకు బూడిద

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర అరటితోట. కాయలు పచ్చిగా ఉండగానే కొనలు నల్లబడి బూడిద పూసినట్టవుతున్నాయి. కొనేవాళ్లు రేటు తగ్గించేస్తున్నారు. ఏం చేయాలండీ?

జవాబు: మీరు చెప్పేది సిగార్ ఎండ్ రాట్ లాగే ఉంది, సగం కాల్చి ఆర్పేసిన చుట్టలా కనిపిస్తుంది కాబట్టే ఆ పేరు. శిలీంధ్రం ముందు కాయ కొనకు వేలాడే ఎండు పువ్వులో చేరి, వానలకు తడి ఆరక అక్కడి నుంచి కాయలోకి దిగుతుంది. అందుకే మందుకంటే ముందు చేతికి పని చెప్పండి: గెల వేసిన 8-10 రోజుల్లో ఆ పువ్వుల్ని తుంచేయండి. విసుగు పనే, కానీ తప్పదు. తెగులు పట్టిన కాయలు కోసి తోట బయట పాతిపెట్టండి, గెలకు తగిలే ఎండాకులు తీసేయండి. కవర్ తొడిగితే మాత్రం చిల్లులున్నదే తొడగండి, లేకపోతే లోపల చెమ్మ పట్టి ఇంకా ముదురుతుంది.