టీవీలో కనిపించాలనా, వార్త చెప్పాలనా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. టీవీ జర్నలిస్టునవుతానని పట్టుబడుతోంది. గొంతు బాగుంటుంది, రోజూ అద్దం ముందు నిలబడి వార్తలు చదువుతుంది. వేళాపాళా లేని ఉద్యోగమని, నమ్ముకోలేమని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. సరేననమంటారా? – ఒక తండ్రి

జవాబు: మీకు భయం వేసింది ఉద్యోగం గురించి. నాకు మాత్రం ఆ అద్దం దగ్గరే అనుమానం వచ్చింది. అమ్మాయి చదువుతున్న వార్త ఎవరు రాసిందండీ? పేపర్లోంచి తీసుకుని చదువుతోందా, తనే కనుక్కుని రాసుకుంటోందా? మీకు నేను చెప్పే సలహా అంతా దీన్ని బట్టే ఉంటుంది.

తెరమీద కనిపించే యాంకర్ చాలావరకు కెమెరా ముందు టెలిప్రాంప్టర్‌లో కదిలే అక్షరాలు చదువుతుంటారు. ఆ మాటలు డెస్కులో, అంటే వార్తలు రాసి సరిదిద్దే విభాగంలో, ఎవరో రాసినవి. సమాచారం తెచ్చింది రిపోర్టర్, బొమ్మ తీసింది కెమెరామన్. ఏ వార్త ముందు, ఏది తర్వాత, దేనికెన్ని సెకన్లు అని లెక్కచూసేది బులెటిన్ ప్రొడ్యూసర్. కొత్తగా చేరినవాళ్లకు సాధారణంగా దొరికేది ఈ తెరవెనుక పనే. తెర అడుగున పరుగెత్తే స్క్రోల్ రాయడం, పది నిమిషాల బైట్ (ఎవరైనా కెమెరా ముందు చెప్పిన మాటల రికార్డింగ్) విని అందులో పనికొచ్చే ఇరవై సెకన్లు ఎక్కడున్నాయో టైమ్‌కోడ్, అంటే ఏ నిమిషం ఏ సెకను దగ్గరో, రాసిపెట్టడం. విసుగు పుట్టించే పనే, కాదనను. యుద్ధవార్తలతో పేరుపొందిన టీవీ జర్నలిస్టు క్రిస్టియాన్ అమన్‌పూర్ 1983లో అమెరికా వార్తా ఛానల్ సీఎన్ఎన్‌లో చేరింది అంతర్జాతీయ డెస్కులో చిన్న సహాయకురాలిగా. గల్ఫ్ సంక్షోభం వార్తలతో ఆమె ముఖం ప్రపంచానికి పరిచయమయ్యేసరికి ఏడేళ్లు గడిచాయి.

రిపోర్టర్‌గా బయటికి వెళ్లాక గొంతుకంటే చెవికే పని ఎక్కువ. లైవ్‌లో ఉన్నప్పుడు చెవిలోని ఇయర్‌పీస్‌లో ప్రొడ్యూసర్ "ముప్ఫై సెకన్లలో ముగించు" అంటుంటారు, ఎదురుగా జనం కేకలు వేస్తుంటారు, నోరు మాత్రం వాక్యం తడబడకుండా పూర్తి చేయాలి. యాంకర్ ప్రశ్న అడిగాక రిపోర్టర్ ఒక క్షణం బొమ్మలా నిలబడటం మీరు చూసే ఉంటారు. తెలియక కాదు! లైవ్ ఉపగ్రహం మీదుగా వెళ్తుంటే, అది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, మాట అక్కడికి వెళ్లి దిగడానికే పావు సెకను పడుతుంది, పరికరాల ఆలస్యం దానికి అదనం. ఎవరైనా బైట్ ఇస్తున్నప్పుడు రాసుకొచ్చిన తర్వాతి ప్రశ్నమీదే ధ్యాస పెట్టేవాళ్లకు, అసలు వార్త వాళ్ల ముందునుంచే జారిపోతుంది.

తొందర ఇంకో పెద్ద పరీక్ష. 2000 నవంబరులో అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి పెద్ద ఛానళ్లన్నీ ఫలితాన్ని తేల్చే ఫ్లోరిడా రాష్ట్రం అభ్యర్థి అల్ గోర్‌దేనన్నాయి, వెనక్కి తీసుకున్నాయి. తర్వాత ప్రత్యర్థి జార్జ్ బుష్‌దన్నాయి, అదీ వెనక్కి తీసుకున్నాయి. అంత అనుభవమున్నవాళ్లే ఆ ఒత్తిడికి లొంగారు. పక్క ఛానల్లో వచ్చేసిందని డెస్కు ఫోన్‌లో కేకలేస్తుంటే "ఇంకా ధ్రువపడలేదు సార్" అనగలగాలి. మీ అమ్మాయి ఇంట్లో మీతోనే అలా అనగలదా? మీకే తెలియాలి.

ఇక మీ భయం సంగతి. అందులో నిజముంది. మొదటి ఏళ్లలో జీతం తక్కువ, షిఫ్టులు మారుతుంటాయి, సెలవురోజున ఫోన్ మోగితే పరుగెత్తాలి. ఛానల్ నష్టాల్లో పడితే ముందు కోతపడేది సిబ్బందికే. ఆడపిల్లలకు ఆన్‌లైన్ దూషణలు అదనం. రాత్రి షిఫ్టుకు వాహనం ఇస్తారా అని చేరేముందే అడగండి, మొహమాటపడొద్దు. వీటన్నిటికంటే కష్టమైంది మరొకటుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు మైకు పట్టుకుని నిలబడాల్సి రావడం. కొందరు అలవాటుపడిపోతారు. నాకైతే అలవాటుపడనివాళ్లమీదే గౌరవం.

డిగ్రీ మాత్రం పూర్తి చేయించండి. జర్నలిజం కోర్సు ఆ తర్వాత చేసినా ఆలస్యమేమీ లేదు. ఆర్థికశాస్త్రమో, చట్టమో, వైద్యవిజ్ఞానమో ఏదో ఒకటి లోతుగా తెలిసిన రిపోర్టర్‌కు న్యూస్‌రూమ్‌లో విలువ వేరు. ఈ ఉద్యోగం పోయినా రాయడం, ఎడిటింగ్ వచ్చినవాళ్లకు డాక్యుమెంటరీల్లోనో, సంస్థల సమాచార విభాగాల్లోనో దారి దొరుకుతుంది.

ఈలోగా ఒక నెల పరీక్ష పెట్టండి. వారానికొక సమస్య ఎంచుకుని, దానితో సంబంధమున్న ముగ్గురిని కలిసి, ఫోన్‌తోనే తీసి, తనే ఎడిట్ చేసి ఒకటిన్నర నిమిషం కథనం తయారుచేయమనండి. షరతు ఒక్కటే: బొమ్మలో కనిపిస్తున్నది మాటల్లో మళ్లీ చెప్పకూడదు. రోడ్డుమీద నీళ్లు కనిపిస్తుంటే "నీళ్లు నిలిచాయి" అనడం దేనికి? కాలువ ఎన్నాళ్లుగా పూడిపోయి ఉందో, బాధ్యత ఎవరిదో కనుక్కుని చెప్పాలి.

నాలుగు కథనాలూ పూర్తయి, ఐదోదానికి తనంతట తనే బయల్దేరితే మీరు అడ్డుపడకండి. రెండోవారానికే మళ్లీ అద్దం దగ్గరికి వచ్చేస్తే కోప్పడనూ వద్దు. డబ్బింగ్, వ్యాఖ్యానం, ఆడియో పుస్తకాలు ఉన్నాయి, మంచి గొంతుకు అక్కడ పని దొరుకుతుంది.