సింక్ కింద తలుపులు ఉబ్బిపోయాయి, పరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది తిరుపతి, తిరుచానూరు రోడ్డులో ఫ్లాట్. 14 నెలల క్రితం వంటింటి అల్మారాలకు 2,40,000 రూపాయలు ఇచ్చాము. కొటేషన్‌లో ‘బీడబ్ల్యూపీ ప్లై’ (మరిగే నీటినీ తట్టుకునే ప్లైవుడ్) అని ఉంది. ఇప్పుడు సింక్ కింద తలుపులు ఉబ్బి, బందులు ఊడి వచ్చాయి. వేరే వడ్రంగి చూసి ఇది ప్లై కాదు, ఎండీఎఫ్ అన్నాడు. చేసినవారేమో ‘నీళ్లు పోసుకున్నది మీరే’ అంటున్నారు. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వేయవచ్చు. ముందుగా ఒక మాట. ఆ ఉబ్బిన తలుపులను దయచేసి పారేయకండి, కొత్త వడ్రంగి అడిగినా ఇవ్వకండి. మీ తరఫున మొదటి సాక్ష్యం అవే.

ఎడ్జ్ బ్యాండ్ (అంచుకు అంటించే పట్టీ) ఊడినచోట తలుపు అంచును దగ్గరగా చూడండి. ప్లైవుడ్ అయితే పలుచని చెక్క పొరలు చారలుగా కనిపిస్తాయి. ఎండీఎఫ్ అంటే చెక్కను పీచు చేసి, జిగురు కలిపి, వేడితో అదిమిన పలక. అందులో పొరలు ఉండవు, అంచు గట్టి అట్టలా ఒకే తీరుగా ఉంటుంది. నీరు చేరితే పీచు ఉబ్బుతుంది, ఆరినా పాత మందానికి రాదు. స్క్రూలకు పట్టు పోతుంది. పక్కన స్కేలు పెట్టి, తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి.

అలాగని ఎండీఎఫ్ చెడ్డ సరుకేమీ కాదు. నగిషీ పనికీ, రంగు వేసే తలుపులకూ పొడి గదుల్లో చక్కగా పనికొస్తుంది. అందువల్ల ఫిర్యాదులో ‘ఎండీఎఫ్ వాడారు’ అని ఊరుకుంటే కేసు బలహీనపడుతుంది. ‘ప్లై అని రాసిచ్చి, ఆ ధర తీసుకుని, వేరే పలక బిగించారు’ అని రాయండి. నీళ్ల వాదనకూ జవాబు అందులోనే ఉంది. సింక్ కింద తడి తగులుతుందనే కదా మీరు బీడబ్ల్యూపీ అడిగింది!

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. మీకు గడువు ఉంది, అయినా ఆలస్యం వద్దు. మీరు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫిర్యాదు రుసుము ఉండదు. పలక ఏ రకమో తేలకపోతే సెక్షన్ 38 కింద నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపమని కోరండి. ఆ పరీక్ష ఖర్చును మీ చేత జమ చేయించవచ్చు. కొటేషన్ వాట్సాప్‌లో వచ్చి ఉంటే ఆ ఫోను మార్చకండి. ఆ సందేశాన్ని సాక్ష్యంగా చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి.

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. చాలామంది అప్పుడే దిగివచ్చి, రెండు తలుపులు మార్చి ఇస్తామంటారు. మార్పించుకోండి. కానీ లోపలి పెట్టెలు కూడా అదే పలకతో చేసి ఉంటే, ‘ఇక ఏ బాకీ లేదు’ అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.