క్లాజు నంబర్లు చూసుకో, తల్లీ

చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఢిల్లీలో ఎంపీ గారి ఆఫీసులో చేరావనీ, గంజాయి మోసే కూలీలకు శిక్షలు తగ్గించే ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని ఎంపీ పెట్టేది) రాస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది. టెన్షన్‌తో రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

నోటీసు, చర్చ, రెండు సభలు, రాష్ట్రపతి సంతకం, గెజెట్టు. ఇవన్నీ నువ్వు చదివినవే. ప్రైవేటు బిల్లులకు శుక్రవారాలే దిక్కు. స్వాతంత్ర్యం వచ్చాక అలా చట్టమైనవి 14, చివరిది 1970లో. రేపు ప్రభుత్వం తెచ్చే సవరణలో నీ వాక్యం ఒక్కటి చేరినా చాలనుకుని రాయి. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగం చేతిలో ఉంటుంది. ముందు అక్కడ ఎవరితోనైనా మాట్లాడు.

ఇక నా అసలు భయం. ఆ చట్టానికి 2014 సవరణ మంచి పనికే తెచ్చారు. క్యాన్సర్ రోగికి మార్ఫిన్ దొరకాలంటే లైసెన్సుల మీద లైసెన్సులు కావాల్సి వచ్చేది. ఆ బాధ తగ్గించడానికి 'అత్యావశ్యక మాదక ఔషధం' అనే కొత్త నిర్వచనాన్ని 2వ సెక్షన్‌లో 8-ఏ క్లాజుగా పెట్టారు. అప్పటిదాకా అక్కడున్న 'అక్రమ రవాణా' నిర్వచనం 8-బీకి జరిగింది. రవాణాకు డబ్బు పెట్టేవాళ్లకు 10 నుంచి 20 ఏళ్లు వేసే 27ఏ సెక్షన్ మాత్రం పాత 8-ఏనే చూపిస్తూ ఉండిపోయింది. అక్షరం పట్టుకుని చదివితే నేరమే మాయమైంది! మంత్రులు, అధికారులు, రెండు సభలు... ఒక్కరి కంటా పడలేదు. ఏడేళ్ల తర్వాత త్రిపురలో ఒక బెయిలు గొడవలో బయటపడింది. హైకోర్టు సరిదిద్దమంది. 2021 సెప్టెంబరు 30న ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం, అదీ 2014 మే 1 నుంచే వర్తించేలా. శిక్షకు వెనకటి తేదీ వేస్తే, అలా వెయ్యొద్దనే రాజ్యాంగంలోని 20వ అధికరణం ఏమవుతుందని ప్రతిపక్షం అడిగింది. పొరపాటు దిద్దామంతే అంది ప్రభుత్వం. నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నువ్వు ఒక్క క్లాజు కదిపితే, చట్టమంతా వెతికి దాన్ని ప్రస్తావించిన చోటల్లా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టు. కంప్యూటర్ వెతుకుతుందిలే అనకు, చెవి మెలేస్తాను.

పెండింగు కేసుల సంగతి కూడా బిల్లులోనే రాయాలి. 2001లో పరిమాణాన్ని బట్టి శిక్షలు తెచ్చినప్పుడు, విచారణలో ఉన్నవాళ్లకు మేలు జరిగింది, అప్పీలులో ఉన్నవాళ్లకు జరగలేదు. సుప్రీంకోర్టు కూడా అది సరేనంది.

గంజాయికి 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే అన్నిటికంటే పెద్ద శిక్ష పడే పరిమాణం. ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక కుర్రాడి బస్తా 21 కిలోలు తూగింది. అందులో కాడలూ ఆకులూ ఎంత, పూత ఎంత అని నేను అడిగితే ఎవరి దగ్గరా లెక్క లేదు. చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలే, వాటితో కలవని ఆకు లెక్కలోకి రాదు. గీత దాటిందన్నారు గనక, అలాంటి కేసుల్లో బెయిలు కష్టం చేసే 37వ సెక్షన్ అడ్డొచ్చి బెయిలు రాలేదు. వాళ్లమ్మ వాయిదా వాయిదాకీ చద్దన్నం మూట కట్టుకుని వచ్చేది. బస్తా ఎవరిదో వాడికి తెలియదు, మోస్తే డబ్బులిస్తామన్నారట. నీ బిల్లులో తూకం ఎలా వెయ్యాలో ఒక వాక్యం పెట్టవే.

ఇంకోటి, 'గంజాయి బిల్లు' అని స్నేహితులకు చెప్పుకోవడం మానెయ్. స్మగ్లర్ల తరఫున నిలబడ్డారని ఒక్క చానెల్ అంటే చాలు, మీ ఎంపీ గారు నిన్ను ముందు వదిలేస్తారు.

డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపకు, ఆ అక్షరాలు నాకు కనబడవు. పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి కొరియర్ చెయ్యి. డబ్బులు మీ పెదనాన్న దగ్గర వసూలు చేసుకో.

మీ పెద్దమ్మ
విశాఖపట్నం