ఆకాశంలో మసి గురించి చదువుతానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండలో ఇంటర్ ఎంపీసీ సెకండియర్ చదువుతోంది. కెమిస్ట్రీ అంటే ప్రాణం. అంతరిక్షంలోని కార్బన్ అణువుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. బంధువులేమో కంప్యూటర్స్‌లో చేర్పించమంటున్నారు. ఈ చదువుతో బతకగలదా? – ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: బతకగలదండీ. కాకపోతే దారి పొడుగు.

ముందు ఆమె చదవాలనుకుంటున్నదేంటో చూడండి. పత్తికట్టె మంట మీద పెట్టిన గిన్నె అడుగున వేలితో రాస్తే మసి అంటుతుంది కదా. కార్బన్ పరమాణువులు ఆరేసి చొప్పున గుండ్రంగా చేరి, తేనెపట్టు గదుల్లా అల్లుకున్న పెద్ద అణువులు అందులో ఉంటాయి. వీటిని పీఏహెచ్‌లంటారు. ఈ జాతి అణువులు నక్షత్రాల మధ్య కూడా ఉన్నాయి. ఒక్క అతినీలలోహిత ఫోటాన్ (కాంతి కణం) తగిలితే చాలు, అణువు వేయి డిగ్రీల దాకా వేడెక్కి కంపిస్తుంది. ఆ వేడిని పరారుణ కాంతిగా వదిలేస్తుంది. 3.3, 6.2, 7.7, 11.2 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల దగ్గర టెలిస్కోపులకు కనిపించే వెలుగు అదేనని 1980ల నుంచి ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అరవై కార్బన్ పరమాణువులతో బంతిలా ఉండే సి60 అణువును 2010లో స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు, దాని వెలుగులో దానికే ప్రత్యేకమైన గీతలను బట్టి పట్టించింది. పీఏహెచ్‌ల విషయంలో మాత్రం ఆ వెలుగును బట్టి ఇది ఫలానా అణువని ఇప్పటికీ చెప్పలేకపోతున్నారు. మీ అమ్మాయిలాంటి వాళ్లకు పని ఉన్నది అక్కడే. ఆ పనికి కెమిస్ట్రీ, ఫిజిక్స్‌తో పాటు ప్రోగ్రామింగ్ కూడా కావాలి. మీ బంధువులకు ఆ మాట చెప్పండి.

ఎప్‌సెట్ రాయనివ్వండి, దాంతోపాటు కేంద్ర సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్‌ల ప్రవేశ పరీక్ష, నైసర్ లాంటి సంస్థల ప్రవేశ పరీక్ష నెస్ట్ కూడా రాయించండి. తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. సీటు రాకపోతే నల్గొండలోనే బీఎస్సీ చేసి, ఐఐటీ జామ్ రాసి ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. నెట్ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000 రూపాయలు ఇస్తారు. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ (పీఆర్‌ఎల్)లో అంతరిక్ష అణువుల మీద ల్యాబ్ పని కూడా జరుగుతోంది.

దాచకుండా చెప్తున్నా, పర్మినెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్పై ఏళ్లు దాటవచ్చు. ఆమె జీతం మీద ఇల్లు త్వరగా ఆధారపడాల్సి ఉంటే ఆ మాట ఇప్పుడే ఆమెతో కూర్చుని మాట్లాడండి.

ఇంకొకటి. ఐసర్ పరీక్షలో 60 ప్రశ్నలుంటే 15 బయాలజీవే. ఎంపీసీ పిల్లలకు అక్కడే టెన్షన్. ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకాలు ఈ వారమే కొనివ్వండి, రోజుకు అరగంట చాలు.